నిజాము ట్రస్టులు, మీరాసు న్యాయం : ఒక విమర్శ

కామారెడ్డి, ఎల్లారెడ్డి ప్రాంతపు రైతులకు పోచారం అనగానే మొదట జ్ఞాపకం వచ్చేది కట్ట. మంజీరలో కలిసే ఆలేరు వాగుకు అడ్డంగా 1916లో ఆరంభమై 1922లో పూర్తి అయిన ఆ కట్ట ఒక శతాబ్దానికి పైగా ఆయకట్టు పొలాలకు నీరందిస్తున్నది. 2025 ఆగస్టు నెలాఖరులో కురిసిన కుంభవృష్టికి వరద దానిమీదుగా పొర్లి పారినది. కట్ట ఆగదని భయపడినవారు చాలామంది. ప్రక్కన కోత పడినప్పటికీ అది నిలిచినది. ఆ కట్ట కట్టించిన కాలంలో రాజ్యమేలినవాడు ఏడవ నిజాము మీర్ ఉస్మాన్ అలీఖాన్. చెరువు ప్రక్కనున్న అడవి ఒకప్పుడు నిజాముల వేటభూమి; 1952లో అది వన్యప్రాణుల అభయారణ్యమైనది.

ఈ ప్రభువు పేరుతోనే మరొక రకమైన కట్టడం కూడా ఉన్నది. అది రాతితో కట్టినది కాదు, దస్తావేజులతో కట్టినది. తన కుటుంబ సంపద చెదిరిపోకుండా ఆయన ఏర్పరచిన ట్రస్టులే ఆ కట్టడం. ఆస్తి రక్షణ మాట వచ్చినప్పుడు మన పట్టణాలలోని వకీళ్లు మొదలుకొని పల్లెల పెద్దమనుషుల వరకు ఆ ట్రస్టులను ఉదాహరణగా చూపడం కద్దు. "అంతటి ప్రభువే ఆస్తిని పంపకానికి వదలక ముడివేసి పోయినాడు, నాలుగు ఎకరాల మనమెంత?" అన్నది ఆ వాదన సారాంశం. కనుక ఆ ట్రస్టులను షరీఅత్ వెలుగులో పరిశీలించడం కేవలం చరిత్ర చర్చ కాదు. ఆ ఉదాహరణ చాటున నేడు పల్లెలలో ఎందరో ఆడపడుచుల, వితంతువుల హక్కు మరుగున పడుతున్నది.

ఏమి జరిగినది

1948 సెప్టెంబరులో హైదరాబాదు సంస్థానం భారత యూనియన్లో కలిసినది. మరుసటి సంవత్సరం జాగీర్లు రద్దు అయినవి. నిజాము స్వంత ఖర్చులకు కేటాయింపబడియున్న సర్ఫేఖాస్ భూములు కూడా ప్రభుత్వ ఖజానా క్రిందికి వచ్చినవి. రాజ్యం పోయినది, పెద్ద కుటుంబం, దానిపై ఆధారపడిన పరివారం మిగిలినవి. చేతిలో ఉన్నది నగదు, ప్రభుత్వ పత్రాలు, నగలు, భవనాలు. రాబోయే పన్నుల మాట అప్పటికే వినవస్తున్నది. సంతానం ఈ సంపదను నిలుపుకొనగలదా అన్న శంక ఆ వృద్ధ ప్రభువుకు కలగడంలో వింత లేదు.

1950 మే 10న ఆయన కుటుంబ ట్రస్టును స్థాపించినాడు. తొమ్మిది కోట్ల రూపాయల ముఖ విలువ గల ప్రభుత్వ పత్రాలను ధర్మకర్తల పరం చేసి, ఆ మూలధనాన్ని లెక్క ప్రకారం 175 భాగాలుగా విభజించినాడు. కొన్ని భాగాలు నిల్వ నిధికి, ట్రస్టు ఖర్చులకు ఉంచి, మిగిలినవాటిని పట్టికలో పేర్లు వ్రాసిన బంధువులకు కేటాయించినాడు. ఎవరికి ఎన్ని భాగాలన్నది ఆయన నిర్ణయమే. 1951లో నగల ట్రస్టు, 1952లో దానికి అనుబంధంగా మరొకటి ఏర్పడినవి. వీటికి తోడు ధర్మకార్యాలకై వేరొక ట్రస్టును కూడా స్థాపించినాడు. హైదరాబాదు పంజాగుట్టలో నేడు నిమ్స్ పేరుతో నడుస్తున్న ఆసుపత్రి మొదట ఆ ధార్మిక ట్రస్టు పక్షాన ఎముకల ఆసుపత్రిగా వెలసినదే.

1967 ఫిబ్రవరి 24న నిజాము మరణించినాడు. పెద్ద కుమారుడు ఆజం జాహ్ జీవించి ఉండగానే ఆయనను కాదని మనుమడు ముకర్రం జాహ్‌ను వారసునిగా నిర్ణయించినాడు. 1971లో రాజభరణాలు రద్దు అయినవి.

మెచ్చదగిన అంశాలు

విమర్శ న్యాయంగా ఉండాలంటే మంచిని మొదట అంగీకరించవలెను. వెనుక మిగిలే బిడ్డలను గురించి చింతించడం ఇస్లాం దృష్టిలో దోషం కాదు. బలహీనమైన సంతతిని వదలి పోవలసి వస్తే తమకెంత భయముండునో, అనాథల విషయంలో అంత భయభక్తులతో మెలగవలెనని నిసా అధ్యాయం బోధిస్తున్నది. హజ్రత్ సాద్ బిన్ అబీ వఖ్ఖాస్ (రజి) జబ్బుపడి తన ఆస్తి అంతా ధర్మానికి వ్రాయదలచినప్పుడు దైవప్రవక్త (స) అంగీకరించలేదు. సగమన్నా ఒప్పుకొనలేదు. మూడవ వంతుకు సమ్మతించి, అదియు ఎక్కువేనని, వారసులు ఇతరుల ముందు చేయి చాచే స్థితిలో ఉండుటకంటె కలిగినవారుగా ఉండుట మేలని బోధించినారు. కుటుంబం కోసం ఆస్తిని కాపాడడం ధర్మానికి ఎదురు కాదని ఈ హదీసు స్పష్టం చేస్తున్నది.

అట్లే వివేకం చాలని వారి చేతికి ధనాన్ని అప్పగించరాదని, వారికి అన్నవస్త్రాలు సమకూర్చి మంచి మాట చెప్పవలెనని అదే అధ్యాయం ఆదేశించినది. అనాథలు యుక్తవయస్సుకు వచ్చిన పిమ్మట పరీక్షించి, సాక్షుల ఎదుట వారి సొమ్ము వారికి అప్పగించవలెనని కూడా చెప్పినది. కాబట్టి ధర్మకర్తలు ఉండడం, లెక్కలు వ్రాయడం, మూలధనాన్ని చెక్కుచెదరనీయక రాబడి పంచడం వీటిలో తమంతట తాము నిషిద్ధమైనవి ఏవీ లేవు. బ్రతికి ఉండగానే ఆస్తిని ఇచ్చివేసే హక్కు యజమానికి ఉన్నది. ఆ హక్కును నిజాము వాడుకొన్నాడు. ఇంతవరకు ఆక్షేపణ లేదు.

ఆక్షేపణ ఆ తరువాత మొదలవుతున్నది. అది మూడు విధాలు.

మొదటి ఆక్షేపణ : ఎవరికి ఎంత

మీరాసు శాస్త్రంలో భాగాలను నిర్ణయించినది మనిషి కాదు. తల్లిదండ్రులలో, బిడ్డలలో ఎవరు ఎక్కువ ఉపకారం చేయగలరో మీకు తెలియదని చెప్పి, అల్లాహ్ తానే భాగాలు నియమించినాడు. సగం, నాల్గవ వంతు, ఎనిమిదవ వంతు, మూడింట రెండు, మూడవ వంతు, ఆరవ వంతు అనే ఆరు భాగాలు గ్రంథంలోనే ఉన్నవి. అవి పంచిన పిమ్మట మిగిలినది అసబాలకు చేరుతుంది. పెద్దవాడు, చిన్నవాడు, రాణి బిడ్డ, దాసి బిడ్డ అన్న తారతమ్యం ఇందులో లేదు. వారసునికి వసీయత్ లేదన్న ప్రవక్త (స) వాక్కు ప్రకారం, ఇతర వారసులు అంగీకరించనిదే ఒక వారసునికి మరణశాసనం ద్వారా అదనంగా ఇవ్వజాలరు.

జీవితకాలంలో ఇచ్చే హిబాకు ఈ కొలత వర్తించదు అన్నది నిజమే. అయినను అక్కడ కూడా ఒక హద్దు ఉన్నది. హజ్రత్ నూమాన్ బిన్ బషీర్ (రజి) తండ్రి ఆయనకు ఒక దానమిచ్చి ప్రవక్త (స)ను సాక్షిగా ఉండమని కోరినాడు. బిడ్డలందరికీ ఇట్లే ఇచ్చినావా అని ప్రవక్త (స) అడిగినారు. లేదనగా సాక్షిగా ఉండుటకు నిరాకరించినారు. హంబలీ పండితులు ఈ సమానత్వాన్ని విధి అన్నారు. హనఫీ పండితులు అది ఉత్తమమని, బలమైన కారణం లేనిదే భేదం చూపడం అయిష్టకరమని అన్నారు. హిబాలో కొడుకును, కూతురును సమంగా చూడవలెనన్నది ఇమాం అబూ యూసుఫ్ అభిప్రాయం. ఇమాం ముహమ్మద్ మాత్రం అక్కడ కూడా రెండుకు ఒకటి చొప్పున అన్నారు. ఏ అభిప్రాయం ప్రకారం చూచినా బంధువులకు అంతస్తులు నిర్ణయించి భాగాలు కట్టే రాచరికపు పద్ధతికి ఇందులో తావు లేదు.

కొడుకును దాటి మనుమని వారసుని చేయడం కూడా ఈ పద్ధతిలో భాగమే. పదవి విషయంలో అది రాజనీతి అనవచ్చును. కాని ఆస్తి పదవి వెంట నడువరాదు. హనఫీ మీరాసులో కొడుకు ఉండగా మనుమడు వారసుడు కాడు. గద్దెకు వర్తించే ఆలోచనను ఇంటి సొమ్ముకు కూడా వర్తింపజేయడమే రాజవంశాలు తరచు చేసిన పొరపాటు. పల్లెలో పెద్ద కొడుకు పేరనే భూమి ఉండవలెనన్న పట్టుదల దాని చిన్న రూపమే.

రెండవ ఆక్షేపణ : చనిపోయినవాని చేయి

మీరాసులో వారసుని హక్కు యజమాని కన్నుమూసిన క్షణాననే పుడుతుంది. అంత్యక్రియల ఖర్చు, అప్పులు, మూడవ వంతుకు లోబడిన వసీయత్ తీరిన పిమ్మట మిగిలినది వారసుల సొత్తు. వారు దానిని పెంచుకొందురో, పాడుచేసుకొందురో ఆ బాధ్యత వారిది. మరణించినవాడు తరతరాలుగా ఆ సొత్తును ఏలుతూ ఉండడానికి మీరాసు అవకాశమివ్వదు. వివేకం చాలనివారికి సొమ్ము అప్పగించరాదన్న ఆదేశం పసివారికి, మతి స్థిమితం లేనివారికి వర్తించేది. ఎదిగిన సంతతిని ఎల్లకాలం పసివారుగా లెక్కించుటకు అది ఆధారం కాజాలదు.

నగల ట్రస్టు కథ ఇందుకు సాక్ష్యం. 173 నగల సముదాయం అది. 184.75 క్యారట్ల జాకబ్ వజ్రం అందులోనిదే. ఆజం జాహ్ 1970లో మరణించిన పిమ్మట ధర్మకర్తలు అమ్మకానికి పూనుకొన్నారు. దేశపు సొత్తు దేశం దాటరాదన్న వివాదం, ధర ఎంతన్న వివాదం, కోర్టు వ్యాజ్యాలు ఒకదాని వెంట ఒకటి నడిచినవి. చివరకు 1995 జనవరిలో భారత ప్రభుత్వం సుమారు 218 కోట్ల రూపాయలకు ఆ నగలను కొన్నది. అనగా ట్రస్టు పుట్టిన నాటినుండి నలుబది నాలుగు సంవత్సరాలు. ఆ మధ్యకాలంలో హక్కుదారులు కొందరు గతించినారు. వారి వారసులు పెరిగినారు. ప్రతి మరణంతో భాగం చీలినది. 2001లో సాలార్‌జంగ్ మ్యూజియంలో ఆ నగలను ప్రదర్శించినప్పుడు ప్రజలు బారులు తీరి చూచినారు. నగలు భద్రంగానే ఉన్నవి. ఎవరి కోసం దాచబడినవో ఆ కుటుంబానికి అవి అక్కర తీర్చవలసిన కాలంలో తీర్చలేదు.

పన్నుల సంగతి కూడా చెప్పుకొనవలెను. దేశంలో మరణ సుంకం 1953 నుండి 1985 వరకు, సంపద పన్ను 1957 నుండి 2015లో రద్దు అయ్యేవరకు అమలులో ఉన్నవి. ట్రస్టు వలన పన్ను తప్పునన్న ఆశ సులభంగా నెరవేరలేదు. నిజాము కుటుంబపు ట్రస్టుపై సంపద పన్ను వివాదం సుప్రీం కోర్టు దాకా పోయి 1977లో తీర్పు పొందినది. రక్షణ కోసం కట్టిన గోడను కాపాడుటకే మరల ఖర్చు పెట్టవలసి వచ్చినది.

మూడవ ఆక్షేపణ : స్పష్టత లేని సొమ్ము

అప్పు ఇచ్చిపుచ్చుకొనునప్పుడు గడువుతో సహా వ్రాసుకొనవలెనని, సాక్షులను పెట్టుకొనవలెనని బఖరా అధ్యాయంలోని దీర్ఘమైన వాక్యం ఆదేశిస్తున్నది. చిన్నదైనా పెద్దదైనా వ్రాయుటకు విసుగు చెందవద్దని కూడా అందులోనే ఉన్నది. లండను సొమ్ము కథ ఈ ఆదేశం విలువను తెలియజేస్తున్నది.

1948 సెప్టెంబరులో, హైదరాబాదుపై సైనిక చర్య జరుగుతున్న రోజులలో, లండనులోని వెస్ట్‌మినిస్టర్ బ్యాంకునందలి నిజాము ఖాతానుండి పది లక్షల పౌన్లకు పైగా సొమ్ము పాకిస్తాన్ హైకమిషనర్ పేరుకు మారినది. కొద్ది రోజులకే నిజాము ఆ మార్పు తన అనుమతి లేనిదని, సొమ్ము తిరిగి ఇవ్వవలెనని కోరినాడు. ఆ సొమ్ము ఇచ్చినదా, దాచినదా, దేనికి బదులుగా పోయినదా అన్నది ఏ పత్రంలోనూ స్పష్టంగా లేదు. 1957లో బ్రిటిష్ ప్రభువుల సభ, పరరాజ్యంపై దావా నడువదన్న కారణంగా వ్యాజ్యాన్ని ఆపివేసినది. 1963లో నిజాము ఆ సొమ్ముపై తన హక్కును ఇద్దరు మనుమల కొరకు ట్రస్టుగా వ్రాసినాడు. అయినను సొమ్ము బ్యాంకులోనే ఉండిపోయినది. 2013లో వివాదం మరల లేచినది. 2019 అక్టోబరు 2న లండను హైకోర్టు పాకిస్తాన్ వాదాన్ని త్రోసిపుచ్చి, సొమ్ము నిజాముదేనని, ఆయన తరఫున హక్కు పొందిన భారతదేశానికి, మనుమలకు చెందునని తీర్పు ఇచ్చినది. అప్పటికి ఆ మొత్తం సుమారు మూడున్నర కోట్ల పౌన్లు. తరువాత నిజాము వారసులలో మరికొందరు తమకూ వాటా ఉన్నదని ఎదురుపడగా, తీర్పును తిరగదోడుటకు అదే కోర్టు 2020లో నిరాకరించినది.

డెబ్బది ఒక్క సంవత్సరాల వ్యాజ్యం ఇది. ఇద్దరు మనుమలకు లభించినది. అదే తాతకు పుట్టిన మిగిలిన సంతతి బయట నిలిచినది. చట్టం ప్రకారం తీర్పు సరియైనదే కావచ్చును. విమర్శకు లక్ష్యం తీర్పు కాదు. ఆ స్థితికి దారితీసిన రెండు పనులు: మొదట స్పష్టమైన పత్రం లేకపోవడం, తరువాత మొత్తాన్ని ఇద్దరికే వ్రాయడం.

ముకర్రం జాహ్ జీవితం కూడా ఈ సందర్భంలో గుర్తుకు వచ్చును. లోకంలోనే అత్యంత ధనవంతునిగా పేరొందిన తాతకు వారసుడైన ఆయన, ఆస్ట్రేలియాలో గొర్రెల క్షేత్రంపై కాలం గడిపి, వ్యాజ్యాల మధ్య తన సంపదలో చాలా భాగం కోల్పోయి, తుర్కీలో నిరాడంబరంగా జీవించి 2023 జనవరి 14న ఇస్తాంబుల్‌లో కన్నుమూసినారు. మక్కా మసీదు ఆవరణలో తాతముత్తాతల సరసన ఖననం చేయబడినారు. అల్లాహ్ ఆయనను కరుణించుగాక. దస్తావేజు ఎంత గట్టిదైనా మనుష్యుని యోగ్యతకు, కుటుంబపు ఐకమత్యానికి అది బదులు కాజాలదనుటకు ఇది చాలును.

వక్ఫ్ అలల్ ఔలాద్ అనుభవం

ఈ దోషం నిజాము ఒక్కరిదే అనుకొనరాదు. సంతతి పేర వక్ఫ్ చేసే ఆచారం ముస్లిం సమాజంలో ప్రాచీనమైనది. అంతిమంగా బీదలకు చెందేటట్లు వ్రాసి, అంతవరకు రాబడి బిడ్డలకు అనే ఏర్పాటు అది. 1894లో ప్రీవీ కౌన్సిల్ అబుల్ ఫతా కేసులో ఇట్టి వక్ఫ్ చెల్లదన్నది. ధర్మభాగం నామమాత్రమని దాని వాదన. షరీఅత్ ఎరుగని తీర్పు అని పండితులు ఆక్షేపించినారు. మౌలానా షిబ్లీ నూమానీ దేశవ్యాప్తంగా అభిప్రాయాన్ని కూడగట్టినారు. ముహమ్మదలీ జిన్నా ప్రవేశపెట్టిన బిల్లు 1913లో చట్టమైనది. అది సముదాయం సాధించిన విజయమే.

అయితే చట్టం సాధించినవారు, ఆ అనుమతి ఏ విధంగా వాడబడుతున్నదో అంతే శ్రద్ధతో కనిపెట్టలేదు. చాలాచోట్ల వక్ఫ్‌నామాలో మగ సంతతి మాత్రమే వ్రాయబడినది. కూతుళ్లు భరణం పొందే స్థితికి దిగజారినారు. అల్లాహ్ పేర చేసిన పత్రం అల్లాహ్ ఇచ్చిన భాగాన్ని మింగివేసినది. 2025 వక్ఫ్ సవరణ చట్టంపై సముదాయానికి తీవ్రమైన అభ్యంతరాలున్నవి. అవి వేరొక చర్చ. అయితే సంతతి వక్ఫ్ వలన స్త్రీల వారసత్వ హక్కు పోరాదన్న దాని అంశం పార్లమెంటు నుండి రావలసినది కాదు. అది ఏనాడో మన మద్రసాల నుండి, మింబర్ల నుండి రావలసిన మాట.

పల్లెలోని చిన్న ట్రస్టులు

ఇక పోచారం ఆయకట్టు వంటి చోటికి తిరిగి రావలెను. అక్కడ ట్రస్టు అన్న పేరు ఎవరూ ఎత్తరు. ఉద్దేశ్యం మాత్రం అదే: భూమి ఇల్లు దాటి పోరాదు. ఇల్లు అనగా కొడుకుల ఇల్లు అని అర్థం.

ఎనిమిది ఎకరాల రైతు ఒకడు భార్యను, ఇద్దరు కొడుకులను, ముగ్గురు కూతుళ్లను వదలి మరణించినాడు అనుకొందాము. భార్యకు ఎనిమిదవ వంతు, అనగా ఒక ఎకరం. మిగిలిన ఏడు ఎకరాలు ఏడు భాగాలు. కొడుకుకు రెండేసి చొప్పున నాలుగు. కూతురుకు ఒక్కటి చొప్పున మూడు. లెక్క ఇంత తేలిక. వాస్తవంలో జరిగేది వేరు. ఫౌతీ అయిన పిమ్మట విరాసత్ కొరకు దరఖాస్తు పెట్టునప్పుడు కుటుంబ సభ్యుల పట్టికలో అక్కచెల్లెళ్ల పేర్లు ఉండవు. లేదా ఉన్నచోట వారిచేత అభ్యంతరం లేదని వేలిముద్ర వేయిస్తారు. పట్టాదారు పాసు పుస్తకాలు రెండు తయారవుతవి. తల్లి ఇద్దరి ఇళ్లలో వంతులవారీగా అన్నం తింటుంది. ఒక ఎకరం యజమానురాలైన ఆమెను కొడుకులు పోషిస్తున్నారని ఊరు మెచ్చుకొంటుంది.

దీనికి చెప్పే సమర్థనలు మూడు.

కూతుళ్లకు పెండ్లిలో ఇచ్చినామన్నది మొదటిది. పెండ్లిలో ఇచ్చినది కానుక. తండ్రి బ్రతికి ఉండగా వారసత్వమే పుట్టదు. పుట్టని హక్కు పెండ్లి ఖర్చుతో ఎట్లు తీరును? కొడుకుల పెండ్లికి, చదువుకు అయిన ఖర్చును వారి వాటాలో ఎవరైనా తగ్గించినారా?

అక్కచెల్లెళ్లు ఇష్టపడి వదలుకొన్నారన్నది రెండవది. వాటా అడిగితే పుట్టిల్లు మూతపడునన్న భయంతో వేసిన వేలిముద్ర ఇష్టం కాదు. నిజమైన అంగీకారమంటే మొదట వాటా లెక్క చెప్పి, పేరున చేసి, చేతికి అప్పగించవలెను. ఆ పిమ్మట ఆమె తిరిగి ఇచ్చిన అది దానం. సాధారణంగా తిరిగి ఇచ్చువారు ఎందరుందురో అప్పుడు తెలియును.

భూమి ముక్కలగునన్నది మూడవది. ఇందులో కొంత నిజమున్నది. ఎకరం చొప్పున చీలిన పొలం సాగుకు అనుకూలం కాదు. కాని వాటా ఇవ్వడమంటే గట్టు వేయడమే కాదు. ఫిఖ్హ్‌లో తఖారుజ్ అనే పద్ధతి ఉన్నది: ఒక వారసుడు తగిన వెల తీసుకొని తన భాగాన్ని మిగిలినవారికి వదలివేయవచ్చును. సోదరులు చెల్లెలి ఎకరాన్ని న్యాయమైన ధరకు కొనవచ్చును, వాయిదాలు వ్రాసుకొనవచ్చును. లేదా ఆమె పేరుననే ఉంచి తాము కౌలుకు చేసి ప్రతి పంటకు కౌలు చెల్లించవచ్చును. భూమిని కలిపి ఉంచే మార్గాలు ఇన్ని ఉండగా హక్కును హరించడమొక్కటే మార్గమని చెప్పడం సాకు మాత్రమే.

మరికొందరు తండ్రులు బ్రతికి ఉండగానే కొడుకుల పేర హిబానామా వ్రాయించి, సాగు, పంట, శిస్తు అన్నీ తమ చేతిలోనే ఉంచుకొంటారు. హిబాకు ఇచ్చుటకు ప్రకటన, పుచ్చుకొనువాని అంగీకారం, స్వాధీనం అనే మూడు అంగాలు కావలెను. అవి ఉన్నయెడల నోటిమాటతో చేసిన హిబా కూడా చెల్లునని, కాగితం మీద వ్రాసినంత మాత్రాన రిజిస్ట్రీ తప్పనిసరి కాదని సుప్రీం కోర్టు 2011లో హఫీజా బీబీ కేసులో చెప్పినది. స్వాధీనం ఇవ్వని హిబా పత్రం కోర్టుకు వెళ్లే దారి మాత్రమే. ఇక మంచాన పడిన తరువాత, మరణపు జబ్బులో చేసిన హిబా వసీయత్ వలెనే లెక్కింపబడుతుంది. మూడవ వంతు దాటదు, వారసునికి మిగిలినవారి అంగీకారం లేక చెల్లదు.

బ్యాంకు పుస్తకంలో నామినీగా కొడుకు పేరు వ్రాసినంత మాత్రాన ఆ సొమ్ము అతనిదని నమ్మేవారు కూడా ఉన్నారు. నామినీ సొమ్ము తీసుకొనుటకు అధికారం గలవాడే గాని యజమాని కాడని, సొమ్ము వారసులందరిదని 2010లో సుప్రీం కోర్టు బ్యాంకు డిపాజిట్ విషయంలో స్పష్టం చేసినది. షరీఅత్ చెప్పేదీ ఇదే.

చేయవలసినది

ఆస్తిని కాపాడడం తప్పు కాదు. ఎవరినుండి కాపాడుతున్నామన్నది ప్రశ్న. అప్పులవారినుండి, మోసగాండ్రనుండి, దుబారానుండి కాపాడవచ్చును. కూతురునుండి, భార్యనుండి, అల్లాహ్ భాగం నిర్ణయించినవారినుండి కాపాడడం కాపాడడమే కాదు.

షరీఅత్ చూపిన ఏర్పాటుకు గొప్ప వకీలు అక్కరలేదు. ఇవ్వవలసిన అప్పులను, రావలసినవాటిని ఒక పుస్తకంలో వ్రాసి ఇంట్లో ఇద్దరికి చూపవలెను. భార్య మహర్ చెల్లించనిదైతే అది కూడా అప్పే. వాటాలకు ముందు అది తీరవలెను. బిడ్డలకు బ్రతికి ఉండగా ఇవ్వదలచినది అందరికీ ఇచ్చి, స్వాధీనం కూడా చేయవలెను. మూడవ వంతు లోపల వసీయత్ వ్రాయవలెను. దానిని ధర్మానికి గాని, వారసత్వం అందని దగ్గరివారికి గాని వాడవలెను. తాత బ్రతికి ఉండగా తండ్రి పోయిన మనుమలు పినతండ్రుల ఉనికి వలన వారసులు కారు. ఆ అనాథలకు తాత చూపగల దయ ఈ వసీయతే. ఈజిప్టు 1946లో దీనిని విధిగా చేసినది. పాకిస్తాన్ 1961లో మరొక మార్గంలో వారికి వాటా కల్పించినది. ఇక్కడ అట్టి చట్టం లేదు గనుక తాతలే ఆ కలం పట్టవలెను. చివరగా, మరణం జరిగిన పిమ్మట పంపకాన్ని వాయిదా వేయరాదు. ఒక తరంలో ఆరుగురి మధ్య తేలే లెక్క మరుసటి తరంలో ముప్పది మంది మధ్య చిక్కుముడి అవుతుంది. నగల ట్రస్టు నేర్పిన పాఠం అదే.

పోచారం చెరువు ప్రభుత్వ ఖజానాతో కట్టినది, నిజాము స్వంత సొమ్ముతో కట్టినది కాదు. కనుక దానిని ఆయన వ్యక్తిగత ధర్మంగా లెక్కించుట సరికాదు. అయినను ఒక పోలిక ఆ ఊరివారికి తెలియనిది కాదు. కట్ట నీటిని ఆపునది తరువాత తూము ద్వారా అందరి పొలాలకు వదలుటకే. చివరి మడివానికి నీరు చేరనియ్యక పై మడివాడు గండి మూసుకొన్నయెడల ఊరు ఊరుకోదు, పంచాయతీ పెడుతుంది. అక్కచెల్లెలి వాటా మూసినప్పుడు మాత్రం ఆ ఊరే మౌనం వహిస్తున్నది. మీరాసు హద్దులను చెప్పిన వెంటనే ఆ హద్దులు దాటినవారికి అగ్నిశిక్షను హెచ్చరించిన గ్రంథం మన చేతిలో ఉన్నది. శుక్రవారపు ఖుత్బాలో నమాజును గురించి, ఉపవాసాన్ని గురించి వినిపించినట్లే ఈ వాక్యాలను కూడా వినిపించవలెను. విరాసత్ దరఖాస్తుపై సాక్షి సంతకం చేసే పెద్దమనిషి, పట్టికలో ఆడబిడ్డల పేర్లు ఉన్నవా లేవా అని చూచి సంతకం చేయవలెను. అల్లాహ్ ఆ ధైర్యాన్ని ప్రసాదించుగాక.